కట్లక్క కోసిన గడప

ఆస్పత్రిలో ఎముకల విభాగంలో ఆమెను అందరూ కట్లక్క అంటారు. విరిగిన చేతులకీ కాళ్ళకీ పిండికట్టు వేయడం, ఎముక అతుక్కున్నాక ఆ కట్టు కోసి తీయడం ఆమె ఉద్యోగం. కోసే మిషను బుర్రుమనగానే ఎంత మీసాలున్న మగాడైనా కళ్ళు గట్టిగా మూసుకోవలసిందే. కట్లక్క ముందు దాన్ని తన అరచేతికి ఆనించి చూపించి, ఏదో ఒకటి చెప్పి నవ్వించి, ఆ నవ్వు ఆగేలోపు పని కానిచ్చేస్తుంది. అలాంటి మనిషికి సొంత ఇంట్లో ఒక గడప కొరకరాని కొయ్యై కూర్చుంది.

అది అత్తగారి గది గడప. పాత ఫ్లాటు కావడంతో ప్రతి గుమ్మానికీ అడుగున కూడా కర్ర ఉంది, రెండు వేళ్ళ ఎత్తున. ఇన్నేళ్ళూ అది ఉన్నట్టే ఎవరికీ గుర్తులేదు. అత్తగారు మెట్ల మీద జారిపడి, తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అంతంతమాత్రంగా కుదిరి చక్రాల కుర్చీకి వచ్చాకే అది అందరికీ కనబడడం మొదలెట్టింది.

ఆవిడ బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయిన మనిషి. కుర్చీలో కూర్చున్నా చేతుల్లో బలం తగ్గలేదు, నోట్లో అసలే తగ్గలేదు. గదిలో చక్రాలు తిప్పుకుంటూ గిరగిరా తిరిగేది. గడప దగ్గరికి వచ్చేసరికి ముందున్న చిన్న చక్రాలు తన్నుకుని ఆగిపోయేవి. వెనక నుంచి కొడుకు ఎత్తాలి, ముందు నుంచి కోడలు లాగాలి. ఒకరోజు అలా ఎత్తుతుండగా కుర్చీ పక్కకి ఒరిగింది. ఆవిడ పడలేదు గానీ ఆ పూట నుంచి గది దాటడం మానేసింది.

"నేనేం మూటని కాదు, ఎత్తి దించడానికి" అంది. అంతే. భోజనం గదిలోకే పంపించమంది. హాల్లో టీవీ నడుస్తుంటే గోడవతల నుంచి వినేది. ఎవరైనా నవ్వితే, ఎందుకు నవ్వారని అడగడం కూడా మానేసింది.

ఆ అడగకపోవడమే కట్లక్కకు మింగుడుపడలేదు.

గడపకి అటూ ఇటూ ఏటవాలుగా చెక్కలు వేసి చూశారు. మంచం అడ్డొచ్చి ఆ వాలు నిటారైంది, పైగా తలుపు పడలేదు. వడ్రంగిని పిలిచారు. అతను గడప మీద వేళ్ళతో కొట్టి చూసి, గుమ్మం నిలువు కర్రల్ని ఇనప కొక్కేలు గోడకి పట్టి ఉంచాయి కాబట్టి గడప తీసినా గుమ్మానికి ఢోకా లేదన్నాడు. తిప్పలల్లా కోతతోనే. ఆ మూలల్లోకి తన రంపం దూరదు. గుమ్మం మొత్తం పెకలించి, గోడ పగలగొట్టి, కొత్తది నిలబెట్టాలి. ఈ సీజన్లో తనకి తీరిక కూడా లేదు.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అంది కట్లక్క, అతను వెళ్ళాక.

ఆమె భర్త ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. తప్పులు పట్టడం ఆయన వృత్తి. ఇంటికొచ్చాక కూడా దానికి సెలవివ్వడు. ఆ గోరు ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పమన్నాడు.

మర్నాడు డ్యూటీ దిగి ఆమె తిన్నగా హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళింది. షాపాయన ముందు గ్రైండర్ తీసి బల్ల మీద పెట్టాడు. మూలల్లో దాని చక్రం గుమ్మాన్నీ కోసేస్తుంది కదా అంటే ఒప్పుకున్నాడు. తర్వాత గుండ్రటి రంపం తీశాడు. దాని అడుగునున్న రేకు పోయి గుమ్మానికి తగిలి ఆగిపోతుంది, బ్లేడు గడప చివరిదాకా పోదు. ఈ మాట ఆయనే అనేసి, తీసింది మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. అప్పుడు ఆమె కంటికి అద్దాల అలమరాలో ఒకటి కనిపించింది. పిడికిట్లో పట్టేంత లావు, ముక్కు చివర అట్టముక్కలాంటి పల్చటి బ్లేడు.

షాపాయన దాన్ని ప్లగ్గులో పెట్టి నొక్కాడు. బుర్రుమంది. ఆమెకు చటుక్కున ఆస్పత్రిలో ఉన్నట్టనిపించింది. అదే చప్పుడు. బ్లేడు గిరగిరా తిరగడం లేదు. ఉన్నచోటే అటూ ఇటూ సన్నగా వణుకుతోంది.

"ఇది నాకు తెలిసిందే, మా ఆస్పత్రిలో దీంతోనే కట్లు కోస్తాం" అంటూ అలవాటు కొద్దీ అరచెయ్యి చాపింది.

షాపాయన మిషను ఆపి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఆగండమ్మా. మీ ఆస్పత్రిది చర్మాన్ని వదిలేస్తుందేమో. దీనికి పళ్ళున్నాయి. ఇది కర్రనీ వదలదు, వేలునీ వదలదు."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇన్నేళ్ళ అనుభవం ఒక్క క్షణంలో కొంప ముంచేదే.

ఆ తర్వాత ఎంచుకోవడంలో తొందరపడలేదు. దాన్ని మల్టీటూల్ అంటారని, బ్లేడు మారిస్తే కర్ర, మేకు, సిమెంటు ఏదైనా కోస్తుందని ఆయన చెప్పాడు. చిన్నదాన్ని పట్టుకుంటే కాసేపటికే వేళ్ళు తిమ్మిరెక్కాయి. కాస్త బరువున్నది చేతిలో బుద్ధిగా కూర్చుంది. ప్లగ్గు గది పక్కనే ఉంది కాబట్టి బ్యాటరీది వద్దనుకుంది. వేగం తగ్గించే బుడిపె ఉండాలంది. కర్రకో బ్లేడు చాలదా అంటే, పాత గడపలో మేకుల్లేవని ఎవరు హామీ ఇస్తారన్నాడాయన. అందుకని మేకుల్ని కూడా కోసేది ఒకటి, సిమెంటు గీకే గరుకుది ఒకటి తీసుకుంది.

సెలవు రోజు పొద్దున్నే మూతికి మాస్కు, కళ్ళకి అద్దాలు పెట్టుకుని ముందు ఒక విరిగిన కుర్చీ కాలు మీద చెయ్యి తిప్పుకుంది. తర్వాత గుమ్మం పక్కగా పెన్సిల్ గీత గీసి, గీత వెంట గడపలోకి బ్లేడు దించింది. హాల్లో భర్త చెవుల్లో దూది పెట్టుకుని, పొట్టు లాగే మిషను పట్టుకుని నిలబడ్డాడు. గదిలో అత్తగారు చేతులు కట్టుకుని చూస్తోంది.

కోత ముందుకి సాగలేదు. ఆమె ఇంకా గట్టిగా నొక్కింది. పొగ వచ్చింది, కర్ర కమురు వాసన కొట్టింది, బ్లేడు నల్లబడింది. ఆరంభశూరత్వమంటే ఇదేనని భర్త గొణిగాడు. ఆమెకు ఏడుపొకటే తక్కువ.

"అమ్మాయ్" అంది అత్తగారు. "ఆస్పత్రిలో కట్టు కోసేటప్పుడు నొక్కుతావా?"

"నొక్కనండి."

"మరి దీన్నెందుకు నొక్కుతున్నావ్? దాని పని దాన్ని చేసుకోనీ."

కట్లక్క మిషను ఆపింది. ప్లగ్గు తీసి బ్లేడు చల్లారనిచ్చి, వేగం తగ్గించి మళ్ళీ మొదలెట్టింది. ఈసారి భుజాలు వదులు చేసి, బ్లేడుని కుడికీ ఎడమకీ మెల్లగా ఊపుతూ పోయింది. వెన్నలో కత్తిలా అనలేం గానీ కర్ర మాట వింది. పొగ పోయి పొట్టు రాలింది. మధ్యలో కీచుమని మేకు అడ్డొచ్చింది. ప్లగ్గు తీసి, బ్లేడు మార్చి, మేకునీ కోసేసింది. రెండో వైపు కూడా గుమ్మాన్ని ఆనుకునే తెగింది, గోరు గీసినట్టు.

తెగినా గడప కదల్లేదు. అడుగున సిమెంటు పట్టేసింది. నడుమ అడ్డంగా కోసి, బ్లేడుని పడుకోబెట్టి కిందకి జొనిపి, గునపంతో భర్తని మీటమంది. ఆయన గొణక్కుండా మీటాడు. ఫట్‌మని ఒక ముక్క లేచింది, దాని వెనకే రెండోది. గుమ్మం వెంట్రుకవాసి కూడా చలించలేదు. టైల్స్ మీద ఒక్క గీత లేదు. భర్త వంగి అటూ ఇటూ వెతికాడు. తప్పు దొరకలేదు.

మిగిలిన గరుకంతా గీకి, ఆ గుంతలో గంటలో గట్టిపడే రకం సిమెంటు నింపి, గది వైపు నుంచి హాలు వైపుకి జారుడుగా నున్నగా మెత్తింది. అది ఆరేలోపు వీధి గుమ్మం గడప పని పట్టింది. ఈసారి పొగ రాలేదు.

రెండు గుమ్మాల దగ్గరా సిమెంటు గట్టిపడ్డాక కొడుకు అలవాటుగా కుర్చీ వెనక్కి వెళ్ళి పిడి పట్టుకున్నాడు.

"చేతులు తియ్యరా" అంది తల్లి.

తీశాడు. ఆవిడ చక్రాలు పట్టుకుని ఒక్క తోపు తోసింది. కుర్చీ గుమ్మంలోంచి చప్పుడైనా లేకుండా హాల్లోకి వచ్చేసింది. అక్కడ ఆగలేదు. సోఫా చుట్టూ తిరిగి, టీవీ ముందు నుంచి పోయి, గిర్రున వెనక్కి తిరిగి కోడలి ఎదురుగా ఆగింది. ఆవిడ పొట్టుతో, సిమెంటుతో నిండిన కోడలి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా నొక్కింది.

తర్వాత "ఇంట గెలిచాం కదా" అంటూ చక్రాలు వీధి గుమ్మం వైపు తిప్పింది.

తోడు రానా అని కోడలు అడిగితే, తనకి దారి తెలుసంది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. కట్లక్క బాల్కనీలోకి పరిగెత్తింది, వెనకే భర్త. కింద వీధిలోకి చక్రాల కుర్చీ వచ్చింది. ఆవిడ వీపు నిటారుగా ఉంది. ఎండ కేసి ఒకసారి మొహమెత్తి, కుడివైపు తిరిగి, పక్కన నడుస్తున్న వాళ్ళని దాటుకుంటూ పోయింది.

పైకి చూడనే లేదు.

"చూడదేం?" అన్నాడు భర్త, చెవిలో దూది ఇంకా తీయకుండానే గట్టిగా.

"ఎందుకు చూడాలి? పనిమీద వెళ్తున్నారు" అంది కట్లక్క. అని, మాస్కు మెడకి దించుకుని పగలబడి నవ్వింది.