మామగారి పచ్చిక

కోడలు పచ్చిక పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. తెగుళ్లకు లొంగని, ఎక్కువ చాకిరీ అడగని గడ్డి రకాన్ని పుట్టించడం ఆమె పని. మామగారు రిటైరైన బస్సు డ్రైవరు. ఇంటిముందు నాలుగు చాపలంత పచ్చికే ఆయన లోకం.

ఆ ఏడాది ముసురుకు బూజు తెగులు సోకి, పచ్చిక నిండా గోధుమరంగు మచ్చలు పడ్డాయి.

"నీ చెప్పులకంటుకుని మీ ఆఫీసు నుంచే వచ్చిందమ్మా ఈ రోగం," అన్నారాయన ముఖం గంటు పెట్టుకుని.

ఆమె నవ్వాపుకుంటూ వంగి చూసింది. మచ్చల నడుమ అరచేయంత మేర గడ్డి నిగనిగలాడుతోంది. తెగులు దాని జోలికే పోలేదు.

"మావయ్యా, ఇది నాకిస్తారా?"

"బాగుంది! బతికున్న ఆ కాస్తా పట్టుకుపోతావా?"

"సగం చాలు."

ఆయన గొణుక్కుంటూనే చిన్న పార తెచ్చి, వేళ్లు తెగకుండా తనే పెళ్లగించి ఇచ్చారు.

కేంద్రంలో ఆమె ఆ గడ్డికి కావాలనే తెగులు పట్టించింది. అది చెక్కుచెదరలేదు. దాన్ని పొట్టిగా పెరిగే మరో రకంతో సంకరపరచి, పుట్టిన మొక్కల్లో తెగులును తట్టుకున్నవాటినే ఏరుకుంటూ పోయింది. కొన్నేళ్లకు కోరుకున్న పచ్చిక చేతికొచ్చింది. మొదటి ట్రే ఇంటికి తెస్తే, ఇద్దరూ కలిసి నాటారు.

అది దట్టంగా అల్లుకుంది. ఓ సాయంత్రం మామగారు గడ్డి కోసే మిషను పట్టుకుని దిగులుగా నిలబడి ఉన్నారు.

"ఏమైంది మావయ్యా?"

"రోగం రాదు, నీళ్లడగదు, పెరగనైనా పెరగదు. నన్నేం చెయ్యమంటావమ్మా?"

"హాయిగా కూర్చోండి."

ఇన్నేళ్లలో ఆయన ఆ పచ్చిక మీద కూర్చున్నదే లేదు, ఎవరినీ కూర్చోనిచ్చిందీ లేదు. మిషను పక్కనపెట్టి మెల్లగా చతికిలబడ్డారు.

"అబ్బ, ఎంత మెత్తగా ఉందో!" అంటూ కాళ్లు చాపారు. "మీ అత్తయ్యను కూడా పిలువు."