నూరుల్లా అంగడిలో సగం

ప్రొద్దుటూరు పెద్ద బజారులో నూరుల్లా కుట్టుమిషను పెట్టుకున్న అంగడి ఓబుల్రెడ్డిది. నూరుల్లా తండ్రి కాలం నుంచీ వాళ్ల చేతిలోనే ఉంది. కాగితం అంటూ ఏమీ లేదు. నెలనెలా అద్దె ఇవ్వడం, రెడ్డి తల ఊపి తీసుకోవడం, అదే ఒప్పందం.

ఆ అంగడిలోకి జయకర్ వచ్చింది ఒక వానాకాలంలో. అతను గడియారాలు బాగుచేసేవాడు. జమ్మలమడుగులో క్రైస్తవ మిషనరీల కాంపౌండులో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక ప్రొద్దుటూరు చేరాడు. సినిమాహాలు గోడవారన చిన్న పెట్టె పెట్టుకొని కూర్చుంటే మునిసిపాలిటీ వాళ్లు లేపేశారు. తడిసిన పెట్టె చంకన పెట్టుకొని బజారులో నిలబడ్డ మనిషిని నూరుల్లా కేకేశాడు.

"లోపలికి రాప్పా. ఈ కిటికీ కాడ వెలుతురు బాగుంటాది. నీ పనికి అదే కదా కావాల్సింది."

ఊరికే కూర్చోవడం జయకర్‌కు మనస్కరించలేదు. నెల తిరగ్గానే అద్దె తీసుకోమన్నాడు. నూరుల్లా వద్దన్నాడు.

"ఊరికే ఉంటే నాకు మొగం చెల్లదన్నా. తీసుకోకపోతే లేచి పోతా."

అంత పట్టుబట్టాక గాని నూరుల్లా చెయ్యి చాచలేదు. తర్వాత జయకరే మధ్యలో పలకలు అడ్డం కొట్టించి, తన వైపు తలుపుకు తాళం వేసుకున్నాడు. జనం ఇచ్చిన గడియారాలు పోతే ఎవరు జవాబుదారీ అని అతని భయం. నూరుల్లా దానికీ కాదనలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు బజారులో అద్దెలు పెరిగాయి. ఓబుల్రెడ్డి రెట్టింపు అడిగాడు. నూరుల్లా ఇచ్చుకోలేనన్నాడు. అద్దె పెంచి ఇవ్వలేదని ఖాళీ చేయించడానికి చట్టం ఒప్పుకోదు. అయితే యజమాని అనుమతి రాసివ్వకుండా అంగడిలో కొంత భాగం ఇంకొకరికి అద్దెకిస్తే మాత్రం ఖాళీ చేయించవచ్చని వకీలు రెడ్డికి చెప్పాడు. రెడ్డి కేసు వేశాడు. సాక్షిగా జయకర్‌కు సమన్లు వచ్చాయి.

వాయిదాకు ముందు రెడ్డి జయకర్‌ను ఇంటికి పిలిపించుకున్నాడు.

"నిన్ను అబద్ధం చెప్పమన్లేదప్పా. బాడిగ కడతాండావా లేదా, ఉన్నదే చెప్పు. ఆయన పోతే అంగడంతా నీకే ఇస్తా. పిల్లోళ్లు గలవాడివి, ఎన్నాళ్లని ఆ మూల కూర్చుంటావు?"

జయకర్ సరేననలేదు. కాదనీ అనలేదు.

మరునాడు నూరుల్లా గుడ్డ కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు. "కోర్టులో ఏమడుగుతారో ఏమో. స్నేహానికి కూర్చున్నానని చెప్పగలవా జయకరూ?"

"చూద్దాంలేన్నా."

రెడ్డి పిలిపించిన సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పబోయాడు. ఎవరో గడియారం తెచ్చారు, అటు తిరిగాడు.

కోర్టులో దేవుని ఎదుట ప్రమాణం చేయించారు. నెలనెలా అద్దె ఇస్తున్న మాట నిజమేనా అని రెడ్డి వకీలు అడిగాడు. నిజమే అన్నాడు. తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? నా దగ్గరే. తర్వాత నూరుల్లా వకీలు లేచాడు.

"ఈ సాక్ష్యం చెబితే అంగడి నీకే ఇస్తానని ఓబుల్రెడ్డి ఆశపెట్టాడా?"

జయకర్ బోను కర్రను గట్టిగా పట్టుకున్నాడు. ఎదురుగా నూరుల్లా అతన్నే చూస్తున్నాడు.

"లేదండీ."

బయట వేపచెట్టు కింద నూరుల్లా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ప్రమాణం చేసినాక నిజం చెప్పక ఏం చేస్తావు? నీ తప్పేముండాది? బాధపడాకు."

ఆ చెయ్యి బరువు జయకర్‌కు చాలాకాలం పోలేదు.

నూరుల్లా కేసు ఓడిపోయాడు. మిషను బస్సు మీదికెక్కించి, భార్య దిల్షాద్‌బీ పుట్టిల్లు పులివెందులకు వెళ్లిపోయాడు. రెడ్డి మాట నిలుపుకున్నాడు. పలకల అడ్డం తీసేశారు. విశాలమైన అంగడిలో జయకర్ మాత్రం పాత కిటికీ పక్కనే కూర్చున్నాడు. నూరుల్లా మిషనుండిన చోట ఏం పెట్టాలన్నా చెయ్యి రాలేదు.

"టైలరు యాడికి పోయినాడప్పా?" అని వచ్చినవాళ్లు అడిగేవారు. "ఊరు మారినాడు" అనేవాడు.

చర్చిలో రొట్టె, ద్రాక్షరసం సంస్కారం తీసుకోవడానికి అందరూ లేస్తే అతను లేవడం మానేశాడు. భార్య రత్నమణి కనిపెట్టి నిలదీసింది. అంతా చెప్పాడు.

"నాకు చెప్తే ఏమొస్తాది? చెప్పాల్సినోళ్లకు చెప్పు."

ముందు నూరుల్లా వకీలు దగ్గరికి వెళ్లాడు. ఆయన విని పెదవి విరిచాడు. "ఇప్పుడు కోర్టులో చెబితే దొంగసాక్ష్యమని నీ మీద కేసవుతుంది. అతనికి మాత్రం అంగడి రాదు. నువ్వు అద్దె కట్టింది నిజమే కదా."

తర్వాత రెడ్డి దగ్గరికి వెళ్లి, నూరుల్లాను తెచ్చి సగంలో కూర్చోబెట్టుకుంటాను, అనుమతి రాసివ్వమన్నాడు.

రెడ్డి నవ్వలేదు, కోప్పడలేదు. "ఆ పని చేసినందుకే కదప్పా ఆయన్ని పంపించింది? సాక్ష్యం చెప్పినోడివి నువ్వే కదా?"

జయకర్ పులివెందుల బస్సెక్కాడు. నూరుల్లా ఎవరిదో అరుగు మీద మిషను పెట్టుకొని కుడుతున్నాడు. జయకర్‌ను చూసి సంతోషంగా లేచాడు. అలా లేవకపోయి ఉంటే చెప్పడం సులభమయ్యేది.

"అన్నా, ఆ పొద్దు కోర్టులో లేదన్నాను. అది అబద్ధం. రెడ్డి నాకు అంగడి ఇస్తానని ముందే చెప్పినాడు."

నూరుల్లా మెల్లగా కూర్చున్నాడు. లోపలి నుంచి దిల్షాద్‌బీ గడపలోకి వచ్చి నిలబడింది.

"నువ్వు అంగట్లోకి మారినావని తెలిసి ఇది అప్పుడే అనుమానపడింది. నేనే తిట్టినా. జయకర్ అట్లాటోడు కాదని" అన్నాడు నూరుల్లా.

"అంగడి వదిలేస్తానన్నా."

"వదిలేస్తే ఇంకొకరు చేరతారు. నాకేమొస్తాది?"

దిల్షాద్‌బీ అందుకుంది. "రెడ్డి అంగడి ఇస్తానన్నాడు, నాకు శానా ఆశగా ఉండాదని నువ్వు ఆయనకు ముందే చెప్పింటే పోయేదేముంది జయకరూ? ఇద్దరూ ఒక దారి చూసుకొనుందురు కదా."

ఆ దారి జయకర్‌కు తోచనే లేదు.

నూరుల్లాయే మాట మార్చాడు. "ఈడ బస్టాండు కాడ ఒక అంగడి కుదిరింది. ఈసారి కాగితం రాయించుకోవాల. నాకు ఉర్దూ తప్ప రాసేది రాదు. ఎట్లాగూ వచ్చినావు, నువ్వు రాసిపో."

స్టాంపు కాగితం తెచ్చుకొని, అంగడి యజమానిని పిలిపించుకొని కూర్చున్నారు. జయకర్ ఒళ్లు దగ్గర పెట్టుకొని రాశాడు. అద్దె ఎంత, ఎన్నేళ్లు, రశీదు ఎప్పుడివ్వాలి, అన్నీ. అడక్కుండానే చివర ఒక వాక్యం చేర్చి, యజమానిని ఒప్పించి, పైకి చదివాడు. కావలసివస్తే నూరుల్లా అంగడిలో కొంత భాగం మరొకరికి ఇచ్చుకోవచ్చు.

"అదెవరికి రాసినావు?" అన్నాడు నూరుల్లా.

"ఎవరికైనా అన్నా. రేపు అవసరం పడితే..."

"కొట్టెయ్. ఇంగ ఎవరినీ కూర్చోబెట్టుకోను."

గొంతులో కోపం లేదు. జయకర్ తన చేత్తోనే ఆ వాక్యం మీద గీత గీశాడు. ఆ గీత పక్కన యజమానీ నూరుల్లా సంతకాలు చేశారు.

దిల్షాద్‌బీ అన్నం పెట్టింది. తినకుండా పంపడం వాళ్ల ఇంట్లో లేదు. జయకర్ తల వంచుకొని తిన్నాడు. ప్రొద్దుటూరు బస్సు కదిలేదాకా నూరుల్లా బస్టాండులో నిలబడ్డాడు గాని, మళ్లీ రమ్మని మాత్రం అనలేదు.