పదకొండో అతుకు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట పడతాయి. అరవై దాటినాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒక పేజీకి నాకు రెండు దినాలు పడుతుంది. ఈ నిదానానికి సిగ్గుపడి నేనొక తప్పు పని చేసినాను.

మా ఆయన తిమ్మప్ప పెనుకొండ పక్క చెరువుల్లో చేపలు పట్టేవాళ్ళకు పుట్లు అల్లేవాడు. పుట్టి అంటే పెద్ద గంపలాంటి గుండ్రటి పడవ. ఆయన వెదురు బద్దలతో అల్లితే, నేను బయట గుడ్డ కప్పి తారు పూసేదాన్ని. ఆయన పోయినాక ఆ పని వదిలేసినాను.

పోయినేడు సుచిత్ర నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ధర్మవరంలో మగ్గాల ఇంటి పిల్ల, పడవల డిజైను చదివింది. ధర్మవరం చెరువులో చేపలకు కాపలా ఉండే బాలప్పకు నీళ్ళమీదే కాపురముండే పడవ కావాలని చేపల సంఘంవాళ్ళు ఆమెను అడిగినారంట. ఆమె దాన్ని పుట్టి మాదిరే గీసింది, కాకపోతే కోడిగుడ్డు ఆకారంలో. ఒక పక్క పడక, ఒక పక్క పొయ్యి, పైన తడకల కప్పు.

"పొయ్యి అంచున ఉంటే పొగ బయటికి పోతుంది కదా పెద్దమ్మా?" అనింది.

"పొగ పోతాది, పుట్టి కూడా ఒరుగుతాది పాపా. మా ఆయన మేకను ఎక్కించినా నడిమధ్యనే కట్టేసేటోడు."

నవ్వుతూ చెరిపేసి, పొయ్యిని మధ్యలోకి మార్చింది.

హిందూపురంలో అద్దె షెడ్డులో పడవను బోర్లించి పని మొదలుపెట్టినాము. పడవ అడుగున కప్పిన గుడ్డకు పదహారు కుట్టు అతుకులు. గుడ్డంతా ముందే ఒక పూత పడి నల్లగా ఉంది. అతుకుల మీద మాత్రం కాగిన తారు ఇంకో రెండు పూతలు పడాల. ఆ తర్వాత, ఒడ్డుకు ఈడ్చినప్పుడు అతుకు చిరగకుండా దాని మీద ఒక చెక్కబద్ద బిగిస్తారు. సుచిత్ర అతుకులకు నంబర్లు వేసి, కాగితం ఇచ్చింది. రెండు పూతలూ అయినాక ఆ నంబరు ఎదురుగా నా పేరు రాయాల.

మొదటి దినం నేను పేరు రాస్తావుంటే వడ్రంగి ఓబన్న నిలబడి చూసినాడు.

"ఏమక్కా, నీ పేరు అయ్యేలోపల తారు గడ్డకట్టిపోతాదే! పడవ వచ్చే ఏడికి ఇస్తామని సంఘమోళ్ళకు చెప్పేదా?"

అందరూ నవ్వినారు. ఆ సాయంత్రం కాగితం గదికి తీసుకుపోయి, మిగిలిన నంబర్లన్నిటి ఎదురుగా నా పేరు రాసేసినాను. ఎట్లాగూ పూసేదాన్నే గదా అనుకున్నాను.

పడవ లారీకెక్కిన దినం నేనూ సుచిత్రా ముందు కూర్చున్నాము, ఓబన్న వెనక పడవ దగ్గర ఎక్కినాడు. పెనుకొండలో టీకి ఆగినప్పుడు సుచిత్ర ఆ కాగితం తీసి చూపించింది.

"ముత్యాల మాదిరి రాసినావు పెద్దమ్మా. నాకు వేరే పని ఉండి అతుకులు చూడలేకపోయినా. నీ పేర్లు చూసే బద్దలు బిగించమన్నా."

పదో అతుకు గుర్తుంది. పన్నెండోది గుర్తుంది. పదకొండో దానికి తారు కాగబెట్టినాను, అంతలో వాన వస్తాందని ఓబన్న కేకేసినాడు, బయటున్న వెదురు మీద టార్పాలిన్ కప్పడానికి పరిగెత్తినాను. తిరిగొచ్చినాక పూసినానా?

"టీ చల్లారిపోతాంది పెద్దమ్మా."

"తాగుతాలే పాపా."

ధర్మవరం దాకా వేళ్ళమీద అతుకులు లెక్కబెడుతూనే ఉన్నాను. పూసే ఉంటానని ఒకసారి, లేదని ఒకసారి. చెప్తే, రాతరాని ముసల్దాన్ని ఎందుకు నమ్మినావని సుచిత్రనే అంటారు. ఇది ఆమె మొదటి పడవ. చెప్పకపోతే, బాలప్ప భార్య వనిత మూడు నెలల బిడ్డతో ఈ రాత్రి ఆ పడవలోనే పండుకుంటుంది.

చెరువు గట్టున సంఘం ప్రెసిడెంటు ఆదినారాయణ టెంకాయతో సిద్ధంగా ఉన్నాడు. క్రేను పడవను లారీ మీద నుంచి గట్టు మీదికి దించింది. వనిత బిడ్డను చంకనేసుకుని, ఉయ్యాల చీర పట్టుకుని వచ్చింది.

"అవ్వా, ఉయ్యాల యాడ కట్టుకుంటే మేలు?"

ఇంక ఆగలేకపోయినాను. "ఎక్కొద్దు తల్లీ. ఒక అతుకుకు తారు పూసినానో లేదో నాకు తెలీదు."

"కాగితంలో ఉండాదే!" అనింది సుచిత్ర.

"ముందే రాసినా పాపా. అన్నీ ముందే రాసినా."

"టెంకాయ కొట్టే టయానికా చెప్పేది?" ఆదినారాయణ గట్టిగా అరిచినాడు. "ఏమమ్మా సుచిత్రా, పడవ కట్టించినావా, పరాచికాలాడతాండావా?"

సుచిత్ర నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపుకు నేను తల దించుకున్నాను. ఆమె వెళ్ళిపోతున్న క్రేనును ఆపి, పడవను మళ్ళీ ఎత్తించి, దిమ్మెల మీద పెట్టించింది. ఓబన్న కిందికి దూరి పదకొండో బద్ద ఊడదీసినాడు. గోటితో గీకి చూసినాడు. బారెడు పొడవునా పై పూతల తారు లేదు. కుట్టు రంధ్రాలు తెరుచుకునే ఉన్నాయి.

"పదహారూ విప్పు," అనింది సుచిత్ర.

"మిగతావి పూసినా పాపా, నాకు బాగా గుర్తుండాది."

"విప్పు ఓబన్నా."

రెండు దినాలు పట్టింది. మిగిలిన పదిహేనూ బాగానే ఉన్నాయి. వనిత బిడ్డతో గట్టు మీద టార్పాలిన్ కింద ఉండి, దోమలకు మమ్మల్నందర్నీ తిట్టింది. పదకొండో అతుకుకు నేనే తారు పూసినాను, సుచిత్ర పక్కనే కూర్చుని చూసింది. కాగితం మీద ఆమే రాసుకుంది. నన్ను రాయమనలేదు. అది న్యాయమే.

మూడో దినం పడవ నీళ్ళలోకి దిగింది. ఇప్పటికి నలభై దినాలయింది. లోపలికి చుక్క నీరు రాలేదని బాలప్ప చెప్తాడు. నేను నమ్ముతాను. అయినా రోజూ పొద్దున్నే గట్టు దాకా పోయి, బిడ్డ ఏడుపో నవ్వో వినపడేదాకా నిలబడి వస్తాను. సుచిత్ర ఇంకో పడవ గీస్తాందంట. నాకింకా కబురు రాలేదు.

కుళ్ళాయమ్మ, అరవై నాలుగేండ్లు. ఇప్పుడుండేది ధర్మవరంలో, చెరువుకు దగ్గరగా.