నోటు మడిచి అడిగిన మంచి గది

ఏ ఊళ్ళోనైనా, ఏ హోటల్లోనైనా, ఉన్నవాటిలోకెల్లా మంచి గది నాకే దక్కుతుంది. ఇప్పటికి యాభై హోటళ్ళలో దిగాను. కిటుకు చిన్నదే. గుర్తింపు కార్డు కింద మడిచిన నోటు పెట్టి అందిస్తూ "మంచి గది చూడండి" అనాలి. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. మాట్లాడితే బేరమైపోతుంది.

యాభై అంటే నాలుగనుకోండి. అందులో రెండు చుట్టాలిళ్ళు.

మొన్నొక మధ్యాహ్నం, ఏడు గంటలు బస్సులో ముడుచుకు కూర్చుని వచ్చి ఓ హోటల్లో దిగాం. మా ఆవిడ మోకాలు గుమ్మడికాయలా వాచింది. మర్నాడు పొద్దున్నే పెద్ద డాక్టరుకు చూపించాలి. పాదం నేలకు ఆనితే చాలు, పళ్ళు బిగించేది. ఆమెను సోఫాలో కూర్చోబెట్టి కౌంటరు దగ్గరికి నడిచాను.

"ఏమండీ, కింద గది కావాలని చెప్పండి," అంది వెనకనుంచి.

"నువ్వూరుకోవే. నాకు తెలుసు."

కౌంటర్లో కళ్ళజోడు పెట్టుకున్నావిడ కార్డు అందుకుంది. నోటు సొరుగులోకి జారింది. ముఖం మాత్రం కదల్లేదు. నాలుగో అంతస్తు తాళం చేతిలో పెట్టింది. బాల్కనీ ఉందట, గాలి బాగా వస్తుందట. పెళ్ళికొడుకులా లిఫ్టు దాకా వెళ్ళాను. పనిచేయదని అట్టముక్క వేలాడుతోంది. ఈసురోమంటూ వెనక్కి వచ్చాను.

"కింద గదుల్లేవామ్మా?"

"ఒక్కటుండేది బాబాయిగారూ, వంటగది పక్కన. కిటికీ కూడా ఉండదు. అమ్మగారి చేతికర్ర చూసి అదే ఇద్దామనుకున్నాను. మీరేమో మంచి గది అన్నారు. నోటు కూడా పెట్టారాయె. ఆ కొట్టుగది ఇస్తే ఏం బాగుంటుందని మీ వెనకాయనకిచ్చేశాను."

"ఆయన్ని మార్చుకోమంటే?"

"ఆయన కాలికి కట్టుంది. మీరే అడుగుతారా?"

మా ఆవిడ అంతా వింది.

"వద్దులెండి," అని కర్ర అందుకుంది.

ఇక చేసేదేముంది. ఆమెను వీపున ఎక్కించుకుని, రెండు సంచులూ మెడకు తగిలించుకుని, ఎక్కడా ఆగకుండా నాలుగంతస్తులూ ఎక్కేశాను. జనం పనులు మానుకుని చూశారు. గదిలోకి వెళ్ళగానే ఆమె మంచం మీద వాలి, బాల్కనీ తలుపు మూసెయ్యమంది. గాలికి మోకాలు సలుపుతోందట.

వీపున మోయడం ఒక్కటే నా కల్పన. తక్కినదంతా జరిగిందే. ఆమె తనంతట తనే ఎక్కింది, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి. మలుపు మలుపుకీ కూర్చుంది. రెండో అంతస్తు దగ్గర సంచులు దించి నేనూ పక్కన కూలబడ్డాను.

"మా ఆవిడకి మోకాలు నొప్పమ్మా అంటే ఊరికే ఇచ్చేది కదండీ," అంది, మోకాలు పట్టుకుని.

"ఇచ్చేదే."

కాసేపటికి లేచాం. ఇంకా రెండంతస్తులున్నాయి.