పగ్గం పట్టని సుమన

పెబ్బేరు సంతల ఎడ్లు అమ్మేటోనికి మాటనే పెట్టుబడి. నేను బెదురు కోడెలు కొంట, ఇంటికాడ అరక నేర్పి సంతకు తోలుకపోత. "మాసయ్య దిద్దిన ఎద్దు" అంటే గద్వాల రైతులు నోరు తెరిచి పండ్లు చూడకుండనే పగ్గం అందుకునేటోళ్లు. ఆ మాట మీద ఒక ఆడిపిల్ల ఉమ్మేసింది.

ఫేస్‌బుక్‌ల మా సంతోళ్ల గ్రూపు ఉంది. అమ్మేటి ఎడ్ల ఫోటోలు అండ్ల పెడతం. నేను ఏ ఫోటో పెట్టినా కింద సుమన అనే పిల్ల వచ్చి రాస్తుండె: "ఈయన దగ్గర కొనకండి. అరకల పండుకునే ఎద్దును మా నాయినకు అంటగట్టిండు. మా నాయిన దిగులుతోని మంచం పట్టిండు." ఫోటోల తల్లో మల్లెపూలు, మొఖం నిండ నవ్వు. కొందరు "అయ్యో చెల్లే" అన్నరు, కొందరు గుండె బొమ్మలు పెట్టిన్రు. ఆడిపిల్ల అబద్ధమెందుకు చెప్తదని వాళ్ల లెక్క. సంతకు తోలుకపోయిన ఎడ్లు తోలుకపోయినట్టే ఇంటికొస్తున్నయ్.

సుమన తన ఊరు ఖిల్లా ఘణపూర్ అని పెట్టుకుంది. ఆమె తండ్రి ఎవడని ఆ చుట్టు ఊర్లన్ని అడిగిన. ఎవ్వనికి తెల్వదు. ఒకనాడు నా భార్య కిష్టమ్మ ఫోన్ గుంజుకుంది.

"ఈ పిల్ల ఎప్పటి సంది ఉంది ఇండ్ల?"

"పోయినేడు వానాకాలం సంది."

"మరి బతుకమ్మ ఫోటో ఏది?"

"ఏం బతుకమ్మ?"

"నడుమ పండుగ వచ్చి పోలేదా? మన దిక్కు ఆడిపిల్ల చేతిల ఫోన్ పెట్టుకొని, బతుకమ్మ కాడ ఒక్క ఫోటో పెట్టకుంటదా? దీనికి అక్క లేదు, వదిన లేదు. ఉన్న దోస్తులంత మీ మీసాలోళ్లే. ఇది ఆడిది కాదు పో. ఎవడో మొగోడు పూలు పెట్టుకున్నడు."

వెతకాల్సింది ఆడిపిల్లను కాదని దారి దొరికింది.

నేనంటే గిట్టనోళ్లు సంతల ఇద్దరు. ఒకడు దలాల్ వెంకట్రాములు, బేరం కాడ ఒకసారి నా అంగి గల్ల పట్టినోడు. ఇంకొకడు తిరుపతి పటేలు. మా నాయిన వాళ్లింట్ల పాలేరుగ జీతమున్నడు. ఇప్పుడు ఆయన ఎడ్లు, నా ఎడ్లు పక్కపక్కన నిలబడతయ్, కొనేటోళ్లు నా దిక్కు వస్తరు. అయినా పైకి మంచిగనే ఉంటడు, చాయ తాపిస్తడు. నా అనుమానమంతా వెంకట్రాములు మీదనే.

కొత్తగ దిద్దిన తెల్ల ఎద్దు ఒకటుండె, ఏ వంక లేనిది. వెంకట్రాములును పక్కకు పిలిచి, "అన్నా, నీకొక్కనికే చెప్తున్న. ఇది కుడిదిక్కు కడితే నడవదు" అన్న. తిరుపతి కాడ చాయ తాగుకుంట, "పటేలా, ఎవ్వరికి చెప్పకు. నీళ్లను చూస్తే బెదురుతది, వాగు దాటదు" అన్న.

"గట్లనా మాసిగా! పాపం" అని భుజం మీద చెయ్యేసిండు.

ఎద్దు ఫోటో పెట్టిన. పొద్దుగూకక ముందే సుమన దిగింది: "ఈ ఎద్దును వాగుల దింపితే మిమ్ముల ముంచుతది. నీళ్లకు బెదురు."

భుజం మీద ఇంక ఆ చెయ్యి ఉన్నట్టే అనిపించింది. సంత దాక ఓర్సుకున్న.

మా సంతల ఒక కట్టుబాటు ఉంది. ఎద్దుకు వంక పెట్టినోడు ఆ ఎద్దు పగ్గం పట్టుకొని, నలుగురి ముందర ఆ మాట మల్ల చెప్పాలె. పగ్గం పట్టి చెప్పని మాట చెల్లదు. ఫోన్లొచ్చినంక అందరు దాన్ని మర్శిపోయిన్రు.

ఆ సంత నాడు సంత వాకిట్ల వాన నీళ్లు మోకాలెత్తు నిలిచినయ్. తెల్ల ఎద్దును నీళ్ల నడుమకు తోలిన. అది నిమ్మలంగ నిలబడి మూతి పెట్టి తాగింది. జనం మూగిన్రు.

"సుమన రాసింది చదివిన్రు గద! ఆ నీళ్ల మాట నేనే పుట్టించిన, ఒక్కనికే చెప్పిన. వెంకట్రాములన్నా, నీకేమని చెప్పిన?"

"కుడిదిక్కు నడవదంటివి. ఏందిరా, నాకు గూడ అబద్ధమేనా?"

"అబద్ధమే, మాఫ్ చెయ్యి. నీళ్ల మాట చెప్పింది తిరుపతి పటేలుకు. అమ్మా సుమనా, రా తల్లీ! వచ్చి పగ్గం పట్టు."

తిరుపతి ఎనుకకు జరిగిండు. "నేను ఎవ్వనికో చెప్పుంట, వాడు రాసుంటడు" అన్నడు. వెంకట్రాములు ఆయన జేబుల ఫోన్ గుంజి చూస్తే, అండ్ల సుమన పేరే తెరిచి ఉంది.

"పిల్ల సిగ్గుపడుతుందిరో! పూలేవమ్మా, ఇంట్ల మర్శినవా?" అని జనంల కేకలు లేసినయ్.

అందరికన్న ఎక్కువ ఉడికింది గుండె బొమ్మలు పంపినోళ్లు. వాళ్లల్ల బాలరాజైతే తిరుపతి గల్ల పట్టిండు: "పొద్దుగాల బువ్వ తిన్నవా అని రోజు అడిగింది నువ్వానర, లుచ్చా!"

తెల్ల ఎద్దు ఆనాడే అమ్ముడువోయింది. తిరుపతికి పడ్డ సుమనక్క అన్న పేరు ఆయన కంటె ముందు నాగర్‌కర్నూల్ దాక పోయింది. ఆయన ఎడ్లను అడిగేటోడు లేడు. ఆఖరికి మా ఇంటికొచ్చిండు.

"అన్నా" అన్నడు. ఇన్నేండ్లు మాసిగా అన్న నోరు అది. "ఆ అకౌంట్ తీసేస్త. నువ్వొక్క మాట చెప్తే ఆ పేరు బంద్ చేస్తరు."

"తీసెయ్యకు పటేలా. ఆ పూల ఫోటో కిందనే రాయి. మాసయ్య ఎడ్లల్ల వంక లేదు, నేను తిరుపతిని, ఓర్వలేక రాసిన అని."

ఫోన్ తీసి రాసిండు. జర సేపటికే నా ఫోన్ మోగుడు షురువైంది, జనం ఒకరి మీద ఒకరు జవాబులు పెడుతున్నరు. ఆయన లేవబోయిండు.

"కూసో" అన్న.

నేను ఐదో తరగతిల బడి బంద్ చేసినోన్ని, అక్షరం అక్షరం కూడబలుక్కోవాలె. తిట్లన్ని ఆయన ముందర గట్టిగ, నిమ్మలంగ చదవబట్టిన. ఒక పెద్ద తిట్టు కాడ నాలిక తిరగలే. ఫోన్ ఆయన చేతిల పెట్టిన.

"ఇదేందో నాకు తెల్వదు పటేలా. నువ్వు చదువుకున్నోనివి, జర నువ్వే చదువు."

చదివిండు.

"కిష్టమ్మకు ఇనబడలేదంట. జర గట్టిగ."