మేత చప్పుడు

యావో జింగ్‌మేకు డెబ్బై రెండేళ్ళు. పన్నెండేళ్ళుగా ఆమె ఎడమ చెవిలో చప్పుడు ఆగలేదు. కొందరికి చెవిలో ఈల వేసినట్టు, కొందరికి కీచురాయి అరిచినట్టు ఉంటుందట. ఆమెకు మాత్రం పట్టుపురుగులు ఆకు మేస్తున్నట్టుండేది. పురుగులు పెంచినవాళ్ళకు తెలుసు, అచ్చం సన్నటి వాన పడుతున్నట్టే ఉంటుంది.

హూజౌ ఆసుపత్రిలో చెవికి మిషను ఇచ్చారు. మాటలు బాగా వినబడ్డాయి గాని చప్పుడు పోలేదు. కోడలు లీచిన్ పోరు పడలేక చివరికి ఊళ్ళో సూదులు గుచ్చే పాన్ డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"పాడైన నరాన్ని నా సూది బాగుచెయ్యదు పెద్దమ్మా," అన్నాడు డాక్టరు ముందే. "గోల కాస్త తగ్గొచ్చు, నిద్ర పట్టొచ్చు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన మిషను మాత్రం మానకు."

"అది పెట్టుకుంటే మా కోడలి గొణుగుడు కూడా వినబడుతోందయ్యా."

"వినబడనట్టుండు. దానికి సూది అక్కర్లేదు."

పదిసార్లు రమ్మన్నాడు. చెవి ముందు మూడు, వెనక ఒకటి, మణికట్టు మీద ఒకటి గుచ్చేవాడు. అయిదుసార్లు వేయించుకున్నా తేడా లేదు. ఆరోసారి, సూదులు ఇంకా ఉండగానే, చప్పుడు పలచబడి ఆగిపోయింది. డాక్టరు గిన్నెలో సూదులు వేస్తున్న చప్పుడు విని ఆమె ఏడ్చేసింది.

ఆ మధ్యాహ్నం అత్తాకోడళ్ళు గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు వొలుస్తున్నారు. లీచిన్ తలెత్తింది.

"వాన మొదలైందా అత్తయ్యా? బట్టలు ఆరేశాను."

బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది.

జింగ్‌మే మిషను తీసింది. నిశ్శబ్దం. మళ్ళీ పెట్టుకుంది. పై గదిలోంచి వస్తోంది చప్పుడు. చెవిలో కాదు, ఇంట్లో.

పైన పురుగుల తట్టలు పన్నెండేళ్ళుగా ఖాళీగా, దుమ్ము పట్టి ఉన్నాయి. చప్పుడు మాత్రం గదినిండా ఉంది. లీచిన్ ఒక తట్ట మీద చెయ్యి పెట్టి చటుక్కున లాక్కుంది.

"పాకుతున్నాయి! చల్లగా... ఏమీ కనబడదేం? పదండి అత్తయ్యా, కిందికి పోదాం!"

జింగ్‌మే కదల్లేదు. ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పింది.

"నువ్వీ ఇంటికి రాక ముందు, పక్క చేలో కొట్టిన పురుగుల మందు మన మల్బరీ మీద పడింది. పురుగులకు బాగా ఆకలయ్యే రోజులు. ఒక్క ఆకు పెట్టలేకపోయాను. రెండు రోజులు తలలెత్తి ఊగుతూ నావంకే చూశాయి. తట్టుకోలేక గోతిలో పోసి సున్నం చల్లేశాను. బతికుండగానే లీచిన్! ఆ నెలలోనే చెవిలో మొదలైంది."

లీచిన్ గుమ్మం పట్టుకుని నిలబడింది. పారిపోదామనే ఉంది, కాని ముసలామెను వదిలి పోలేకపోయింది.

"ఇప్పుడేం చేద్దాం?"

"ఆకలి మీదున్నాయి. చేలో మల్బరీ ఇంకా ఉందిగా, ఆకు కోసుకురా."

ఇద్దరూ తట్టలనిండా తాజా ఆకు పరిచారు. మేత చప్పుడు ఒక్కసారిగా జోరందుకుంది. సాయంత్రానికి తట్టల్లో ఈనెలే మిగిలాయి. లీచిన్ ఈనెలు ఏరి బుట్టలో వేసింది. మర్నాడు అడక్కుండానే తనే బుట్ట తీసుకుని వెళ్ళింది.

ఎనిమిదో రోజున చప్పుడు ఆగింది. పట్టుగూళ్ళు కట్టుకునే వేళైందని, పురుగులు ఎక్కడానికి జింగ్‌మే వరిగడ్డి కట్టలు కట్టి నిలబెట్టింది. మూడు రోజులు గదిలోంచి గోటితో గుడ్డ గీకినట్టు సన్నటి అలికిడి వచ్చింది. తర్వాత అదీ లేదు.

వెళ్ళి చూస్తే కట్టల మీద ఒక్క గూడూ లేదు. ఉత్త గడ్డి.

"పోయాయి అత్తయ్యా," అంది లీచిన్ ఊపిరి పీల్చుకుంటూ. తీసి పారేద్దామని ఒక కట్ట పట్టుకుంది. అది లేవలేదు. అత్త కూడా చెయ్యి వేసింది. ఇద్దరూ బలమంతా పెడితే జానెడు లేచింది. కనబడని గూళ్ళు నిండా కాసినంత బరువు.

మెల్లిగా, నొప్పి కలగనివ్వకూడదన్నట్టు దాన్ని ఉన్నచోటే దించి తలుపు వేసుకుని వచ్చేశారు.

జింగ్‌మే మిగిలిన నాలుగుసార్లూ వెళ్ళి సూదులు వేయించుకుంది. చెవిలో చప్పుడు మళ్ళీ రాలేదు. పాన్ డాక్టరు సంతోషించి, ఏం తిన్నావు, ఏం చేశావు అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆకు కోశానంది, అంతే. ఆ గదిలోకి మాత్రం ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ ఒంటరిగా వెళ్ళలేదు.