ఒళ్లునొప్పుల గోపిక

ఆత్మకూరు బస్సు డిపోలో గోపికలు ఇద్దరు. ఒకామె ఆఫీసులో కంప్యూటరు దగ్గర కూర్చుంటుంది, రెండో ఆమె కండక్టరు. ఏ గోపిక అని ఎవరైనా అడిగితే, కండక్టరును ‘ఒళ్లునొప్పుల గోపిక’ అని గుర్తు చెప్పేవాళ్లు. అలా అనేవాళ్లకు దురుద్దేశమేమీ లేదు. మూడేళ్లుగా ఆమె నోట వింటున్న మాటే అది. ఒకరోజు భుజాలంటుంది, ఒకరోజు తొడలంటుంది, ఇంకోరోజు వేలి కణుపుల దాకా ఒళ్లంతా అంటుంది. పొద్దున లేస్తే పడుకుని లేచినట్టే ఉండదు, రాత్రంతా రాళ్లు మోసినట్టుంటుంది.

నెల్లూరులో రెండుసార్లు రక్తపరీక్షలు చేయించారు, ఎక్స్‌రేలు తీయించారు. అన్నీ బాగున్నాయన్నారు. ఆ మాటకు ఇంటిల్లిపాదీ సంతోషించారు, గోపిక తప్ప.

“రిపోర్టులన్నీ బాగుండాయి గదా, ఇంకేంది?” అన్నాడు భర్త సురేశ్‌బాబు. అతనికి ఆత్మకూరులో మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. అత్త వెంగమ్మ అయితే, “మేము నాట్లేసి వచ్చి సంగటి కెలికినాము. మాకు లేవా నొప్పులు?” అనేది. అంటూనే నువ్వుల నూనె వెచ్చచేసి తెచ్చేది. చెయ్యి పడగానే గోపిక ముడుచుకుపోయేది. వెంగమ్మకు మనసు చివుక్కుమనేది.

ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన తర్వాత సీతారామపురం సర్వీసులో నిలబడడానికి చోటుండడం లేదు. డబ్బులు తీసుకోకపోయినా ఒక్కొక్కరికీ టికెట్టు కొట్టాల్సిందే. ఆ రోజు ఉదయగిరి దాటేసరికి బస్సులో ఎనభైమంది ఉన్నారు. గోపిక మిషను మెడలో వేసుకుని, మనుషుల మధ్య ఒత్తుకుంటూ వెనక్కి వెళుతోంది. చెరువులో చేపలు పట్టి ఉదయగిరిలో అమ్ముకొని తిరిగి వెళుతున్న వెంగయ్య అనే ముసలాయన, “అమ్మాయ్, నా టికెట్టు” అంటూ రెండు వేళ్లతో ఆమె భుజం మీద తట్టాడు.

గోపిక కెవ్వున అరిచింది.

అరుపుకు డ్రైవర్ హుసేనయ్య బ్రేకు వేశాడు. వెనక సీట్లో ఇద్దరు కుర్రవాళ్లు లేచి ముసలాయన చొక్కా పట్టుకున్నారు. “ఈ వయసులో ఇదేం బుద్ధిరా నీకు!” అని ఒకామె తిట్టడం మొదలుపెట్టింది. ఒకడు చెయ్యి కూడా ఎత్తాడు. వెంగయ్య చేపల బుట్ట అడ్డం పెట్టుకుని, “నేనేం చేసినానయ్యా? టికెట్టడిగినా” అంటున్నాడు.

గోపిక వాళ్లకు అడ్డం వెళ్లి, “వదలండి ఆయన్ని!” అంది. “ఆయన తప్పేమీ లేదు. టికెట్టు కోసం తట్టినాడు, అంతే. నాకే... ఎవరన్నా ముట్టుకుంటే నిప్పు పెట్టినట్టు ఉంటాది.”

“ముట్టుకుంటే నిప్పేంది?” అని ఎవరో నవ్వారు.

గోపిక ఆ నవ్వు పట్టించుకోలేదు. ముసలాయన రెండు చేతులూ పట్టుకుని, “పెద్దాయనా, నన్ను మన్నించు. నా వల్ల నీకు మాటొచ్చింది” అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి ఆయనకు భయం పోయింది. “పోనీలే తల్లీ, నాకేం గాలా. ముందు నీ ఒళ్లు చూపించుకో. మనిషి తగిలితే ఓర్చుకోలేకపోతే ఎట్టా బతికేది?” అన్నాడు.

సీతారామపురంలో బస్సు ఆగాక హుసేనయ్య రెండు టీలు తెచ్చి, ఒకటి ఆమె చేతికిచ్చాడు. “ఎనిమిదేళ్లుగా నీతో బండి నడుపుతా ఉండా. పని ఎగ్గొట్టేదానికి ఏడ్చే మనిషివి కాదు నువ్వు. రిపోర్టులు ఏమన్నా చెప్పనీ. నెల్లూరులో కీళ్లవాతాలు చూసే పెద్దడాక్టరు ఉండాడంట. మా తమ్ముడి భార్యకు ఆయనే చూసినాడు. నిన్ను తీసుకుపొమ్మని మీ ఆయనతో నేను చెప్తా.”

“నువ్వు చెప్పబళ్లేదులే అన్నా. నేనే పోతా” అంది గోపిక. ఆ నిర్ణయం అక్కడే, ఆ టీ గ్లాసు పట్టుకునే చేసుకుంది. తన నొప్పి తన వరకే ఉన్నన్నాళ్లు ఓర్చుకుంది. ఈ రోజు అది ఒక పెద్దమనిషికి దెబ్బలు తినిపించబోయింది. ఇక ఊరుకోకూడదు.

ఆ డాక్టరు పాత రిపోర్టులు చూడడానికి ఐదు నిమిషాలు, ఆమె చెప్పింది వినడానికి అరగంట తీసుకున్నాడు. మెడ వెనక, మోచేతుల దగ్గర, తుంటి పక్కన వేలితో నొక్కి చూశాడు. నిద్ర గురించి అడిగాడు. ఒక వారం తెల్లవారుజామున నాలుగున్నరకే లేవాలని, ఇంకో వారం ఇల్లు చేరేసరికి పదకొండవుతుందని చెప్పింది. కొత్తగా మరికొన్ని పరీక్షలు చేయించి, అప్పుడు చెప్పాడు.

“దీని పేరు ఫైబ్రోమయాల్జియా. ఎముకలకు, కీళ్లకు దెబ్బేమీ లేదు. నరాలు మోసుకొచ్చే కబురును మెదడు పదింతలు చేసి వింటోంది. చిన్న తాకిడి కూడా మంటలా తెలుస్తుంది.”

తోడు వచ్చి పక్కన కూర్చున్న సురేశ్‌బాబుకు అది తన పద్ధతిలో అర్థమైంది. “అంటే సార్, కరెంటు మామూలుగానే వస్తా ఉండాది, మీటరు ఎక్కువ తిరుగుతా ఉండాది. అంతేనా?”

“బాగా చెప్పారు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. మీటరుదే తప్పయినా, బిల్లు మాత్రం ఆమే కడుతోంది.”

సురేశ్‌బాబు తల దించుకున్నాడు. తిరుగు బస్సులో సంగం దాటాక, “మూడేళ్లు నీ మాట నమ్మలా నేను” అన్నాడు. గోపిక బయటికి చూస్తూ ఆ కొత్త పేరును లోలోపల పదేపదే పలుక్కుంటోంది. కొత్త రూటులో వేసినప్పుడు స్టేజీల పేర్లు బట్టీపట్టినట్టు పట్టింది. పేరున్న జబ్బు ఉంది తనకు. అబద్ధం కాదు, బద్ధకం కాదు. అది తెలిశాక నొప్పి అలాగే ఉన్నా, గుండె మీది బరువు దిగింది.

డాక్టరు రాత్రి పూట వేసుకోమని ఒక మాత్ర రాశాడు. మిగతా వైద్యం నీ చేతిలోనే ఉంది, రోజూ నడవాలి, వేళకు నిద్రపోవాలి అన్నాడు. నడుద్దామంటే వీపు పైభాగం పలకలా బిగుసుకుపోయి, పది అడుగులకే తుంటి పట్టేసేది. ఆ మాట డిపో ఊడ్చే చెంచమ్మతో అంటే, “మా చర్చి ఆనందమ్మ టీచరు కూతురు జెస్సికా ఉండాది గదా. వెన్నెముక, కీళ్లు సర్దే చదువు మలేషియాలో చదివొచ్చింది. వారమంతా నెల్లూరులో చూస్తాది, శనివారం ఈడ వాళ్లింట్లోనే చూస్తాది. పోరాదూ” అంది.

జెస్సికా ముప్పై ఏళ్ల పిల్ల. ఇంటి ముందుగదిలో ఒక బల్ల వేసుకుంది. గోపికను చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, “అక్కా, మెడ తిప్పి టప్పుమనిపించే వీడియోలు చూసి వచ్చినావా?”

గోపిక నవ్వేసింది. “చూసినా. చూసే భయపడతా ఉండా.”

“నీకు అట్టాంటివి చేయనులే. ముందు డాక్టరు కాగితాలు చూపించు.” అన్నీ చదివింది. నిలబెట్టి, కూర్చోబెట్టి, వంగమని చూసింది. తర్వాత అంది, “ముందే చెప్తా ఉండా. ఈ జబ్బును నేను తీసెయ్యలేను. తీసేస్తామని ఎవరన్నా చెప్తే నమ్మబాక. బిగుసుకున్న చోట మెల్లిగా సడలిస్తా. సడలితే నడవగలుగుతావు. నడిస్తే నిద్రొస్తాది. నిద్ర పట్టిన ఒళ్లు నొప్పిని కొంచెం తక్కువగా వింటాది. మందు మానబాక. నేను చేసేది వారానికి అరగంటే, మిగతా వారమంతా నువ్వే చేసుకోవాల.”

ఆమె చేతులు తగిలినప్పుడు మొదట గోపిక బిగుసుకుపోయింది. జెస్సికా ఆగింది. “నువ్వు ఊ అంటేనే నొక్కుతా” అంది. ఊపిరి వదిలినప్పుడల్లా కొంచెం, భుజపుటెముకల మధ్య, నడుం కింద. తిరిగి లేచి నిలబడితే గోపికకు తన తల తన భుజాల మీదే ఉందని చాలా రోజుల తర్వాత తెలిసింది.

మొదటి వారం డిపో ఆవరణలో పది నిమిషాల నడక. పొద్దున గోడకు ఆనుకుని చేతులు పైకి జరిపే వ్యాయామం. మధ్యాహ్నం రెండు దాటితే టీ బంద్. అంతకుముందు రోజుకు ఏడెనిమిది తాగేది. ఆ టీ మానడమే అన్నిటికంటే కష్టమైంది, తలనొప్పితో రెండు రోజులు అందరి మీదా కసిరింది.

మూడో వారంలో ఒక ఆదివారం తేలిగ్గా మెలకువ వచ్చింది. ఒంట్లో ఎక్కడా ఏమీ లేదు. ఆ సంతోషంలో ఇంట్లో దుప్పట్లన్నీ ఉతికింది, బూజు దులిపింది, గ్యాసు బండ పక్కకు జరిపి వెనకంతా కడిగింది. సోమవారం లేవలేకపోయింది. గురువారం దాకా మంచం దిగలేదు.

శనివారం జెస్సికా దగ్గరికి కోపంగా వెళ్లింది. “నువ్వు చెప్పినవన్నీ చేసినా. ఏంది ఇది?”

జెస్సికా దుప్పట్ల కథంతా విని, “అక్కా, నీ బస్సులో ఎంతమంది పడతారు?” అని అడిగింది.

“సీట్లు యాభై.”

“ఖాళీ రోడ్డు కనపడిందని నూరుమందిని ఎక్కించుకుంటే?”

“టైరు పోతాది” అంది గోపిక, అని తనే నవ్వింది. బాగున్న రోజున చేసే పని, బాగాలేని రోజున కూడా చేయగలిగినంతే ఉండాలని జెస్సికా చెప్పింది. దుప్పట్లు వారానికి ఒకటి. నడక బాగున్నా బాగాలేకున్నా రోజూ అంతే, నెలకు ఐదు నిమిషాలు మాత్రం పెంచాలి.

ఇక మిగిలింది నిద్ర. వారం వారం మారే డ్యూటీతో అది కుదిరే పని కాదు. గోపిక డాక్టరు కాగితం పట్టుకుని డిపో మేనేజరు వరప్రసాదం గదిలోకి వెళ్లింది. ఆయన కాగితం చూసి జాలిగా, “ఇంత బాధ పడతా డ్యూటీ ఎందుకమ్మా? ఆఫీసులో కుర్చీ వేయిస్తాను, కూర్చుని పని చేసుకో” అన్నాడు.

ఒకప్పుడైతే ఆ మాటకు పొంగిపోయేదే. ఇప్పుడు తల అడ్డంగా ఊపింది. “కుర్చీ వద్దు సార్. గంట కూర్చుంటే నా ఒళ్లు కొయ్యబారిపోతాది. బస్సులో తిరగతా ఉంటేనే నాకు మంచిది. నాకు కావాల్సింది ఒక్కటే. ఎప్పుడూ పొద్దుటి షిఫ్టే వేయండి. రోజూ తొమ్మిదింటికి పడుకుని నాలుగున్నరకు లేస్తా. మూడు నెలలు చూడండి. నేను సెలవులు ఎక్కువ పెడితే అప్పుడు మీ ఇష్టం.”

“నీ ఒక్కదానికి మారిస్తే మిగతావాళ్లు ఊరుకుంటారా?”

“మన కండక్టరు అంజలిని అడిగే వచ్చినా సార్. పిల్లల్ని బడికి పంపించి రావాలంట, ఆ పిల్లకు మధ్యాహ్నం షిఫ్టే అనుకూలం.”

వరప్రసాదం అంజలిని పిలిచి అడిగాడు. ఎగిరి గంతేసినంత పని చేసింది ఆమె. ఆయన ఇద్దరివీ డ్యూటీలు మార్చి సంతకం పెట్టాడు.

ఆ మూడు నెలల్లో గోపిక పెట్టింది రెండే సెలవులు. నొప్పి పూర్తిగా పోలేదు, పోతుందని ఆమె అనుకోనూ లేదు. కానీ పొద్దున లేస్తే లేచినట్టు ఉంటోంది. ఉదయగిరి బస్టాండులో బస్సు ఇరవై నిమిషాలు ఆగుతుంది. ఆ వేళ దుర్గం కొండ వైపు ముఖం పెట్టి ఒక చుట్టు, వెనక్కి తిరిగి ఇంకో చుట్టు నడిచేది. తనకూ నడుం పట్టుకుంటోందని హుసేనయ్య కూడా వెంట నడవడం మొదలుపెట్టాడు. బస్సు ఎక్కినవాళ్లతో, “అమ్మా, భుజానికి తగలకుండా కొంచెం జరగండి, నాకు నరాల జబ్బు” అని మామూలుగా చెప్పేది. అలా చెబితే నవ్వినవాళ్లు ఎవరూ లేరు. జరిగి దారిచ్చారు. ఒకరిద్దరు స్టేజీలో దిగబోతూ ఆ జబ్బు పేరు ఇంకోసారి చెప్పమని అడిగారు.

ఎండాకాలంలో జలదంకిలో సురేశ్‌బాబు మేనకోడలి పెళ్లి. మూడు రోజులు నిద్ర లేదు, నడక లేదు. తిరిగి వచ్చిన మర్నాడు పాత నొప్పి మొత్తం వచ్చి మీద పడింది. వెంగమ్మ బెంబేలెత్తింది. “మళ్లీ మొదటికొచ్చిందే! ఇన్నాళ్లు చేసిందంతా దండగేనా?”

“దండగ కాదు అత్తా. పెళ్లిలో నిద్ర లేదు, అందుకొచ్చింది. నాలుగు రోజుల్లో దిగతాది” అంది గోపిక. మంచం మీదే ఉండిపోలేదు. డిపోకు ఒకరోజు సెలవు చెప్పింది. వేడినీళ్లతో స్నానం చేసింది. నీళ్ల బిందెలు, వంట భర్తకు అప్పగించింది. అతను పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాడు. నడక మానలేదు గానీ ఐదు నిమిషాలకు దించింది. రెండో రోజు డ్యూటీకి వెళ్లింది. నాలుగో రోజుకు చెప్పినట్టే నొప్పి దిగింది.

వెంగమ్మ అదంతా చూస్తూనే ఉంది. ఆదివారం సాయంత్రం కోడలు చెప్పులు వేసుకుంటుంటే, “నా మోకాళ్లకు గూడా ఏమన్నా పనిచేస్తాదేమో, నేనూ వస్తా” అని లేచింది.

ఇద్దరూ వీధి చివర నీళ్ల ట్యాంకు దాకా నడిచారు. కనబడిన ప్రతివాళ్ల దగ్గరా ఆగి, “మా కోడలు నడిపిస్తా ఉండాది” అని వెంగమ్మ చెప్పుకోవడంతో, పావుగంట నడకకు ముప్పావుగంట పట్టింది. ఇంటికొచ్చి, రాగిసంగటి, వేరుశనగ పచ్చడి తిన్నారు. తొమ్మిది కొట్టగానే గోపిక ఫోను పక్కన పెట్టేసి, నాలుగున్నరకు అలారం చూసుకుని పడుకుంది. వీధిలో ఎవరో మైకులో పాటలు పెట్టారు. ఆమెకు వినబడనే లేదు.